పాత అద్దం ఖరీదుగా కనిపించాలంటే డబ్బు ఎక్కడ పెట్టాలి?

అమ్మా, మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను. నెల్లూరు వేదాయపాలెంలో అద్దె ఇల్లు. పాత సామాను దుకాణంలో 900 రూపాయలకు ఒక డ్రెస్సింగ్ టేబుల్ అద్దం దొరికింది. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, అంచులు ఏటవాలుగా చెక్కిన రకం. కింది అంచు వెంట నల్ల మచ్చలున్నాయి, కింద కుడి మూల చిన్న పెచ్చు లేచింది, ప్లైవుడ్ ఫ్రేము పొరలు పొరలుగా ఊడుతోంది. చెన్నై షోరూములో 24 వేలు చెప్పిన అద్దంలా అది మీ హాల్లో కనిపించాలి. బంగారు స్ప్రే కొట్టి చుట్టూ గవ్వలు, కుందన్ రాళ్లు అతికిస్తే బాగుంటుందా అన్నది మీ ప్రశ్న. పెచ్చు లేచిన అద్దం ఇంట్లో ఉండకూడదని అత్తగారు అంటున్నారని కూడా రాశారు.

కావలిలో మాది పటాలు కట్టే దుకాణం. దేవుడి పటాలు, పెళ్లి ఫొటోలు కడతాం, వాటితోపాటు అద్దాలూ బిగిస్తాం. ఆ అనుభవంతో చెబుతున్నాను: గవ్వలు వద్దు, రాళ్లు వద్దు, బంగారు స్ప్రే అసలే వద్దు. అద్దం తానే మెరిసే వస్తువు. దాని పక్కన ఇంకో మెరిసేదాన్ని పెడితే రెండూ చిన్నబోతాయి. షోరూములో చూసిన అద్దాన్ని గుర్తు తెచ్చుకోండి. దాని ఫ్రేము మీద అలంకారం పెద్దగా ఉండి ఉండదు. మూలలు సందు లేకుండా కలిసి ఉంటాయి. ఫ్రేము గోడ నుంచి కాస్త ముందుకు వచ్చి చుట్టూ నీడ పడుతుంది. రంగు తళతళలాడకుండా నిండుగా ఉంటుంది. షోరూము అద్దె, ఏసీ బిల్లు తీసేస్తే మీరు డబ్బిచ్చేది ఈ మూడింటికే. ఈ మూడూ మీ అద్దానికి సమకూర్చవచ్చు. మంచి వడ్రంగి దొరికితే చాలు.

ముందు గాజు సంగతి చూద్దాం. పెన్సిలు మొనను అద్దానికి ఆనించి పక్క నుంచి చూడండి. మొనకూ, దాని ప్రతిబింబానికీ మధ్య ఎడం కనిపిస్తుంది. గాజు ఎంత మందమైతే ఆ ఎడం అంత ఎక్కువ. ఇప్పటి చవక అద్దాలు 3 మిల్లీమీటర్లు కూడా ఉంటున్నాయి. ఏటవాలు అంచు చెక్కారంటే మీది 5 మిల్లీమీటర్లయినా ఉండాలి. పలచటి గాజుకు అంత వెడల్పున అంచు చెక్కరు. తరవాత అద్దం నుంచి నాలుగైదు అడుగుల దూరంలో నిలబడి, ఎదురుగా ఉన్న కిటికీ చువ్వల ప్రతిబింబం చూస్తూ తలను మెల్లగా అటూ ఇటూ కదపండి. చువ్వలు వంకర తిరగకుండా తిన్నగా ఉంటే గాజు మంచిది. కొంచెం అలలాగా కదిలితే బాగా పాతకాలపు గాజు. అదీ తప్పు కాదు, హాల్లో అలంకారానికి అందమే. ముఖం చూసుకునే అద్దానికి మాత్రం పనికిరాదు.

వెనక్కి తిప్పి, రంగు లేచిపోయిన చోట గోటితో మెల్లగా గీరండి. ఎర్రటి రాగి ఛాయ కనిపిస్తే అది వెండి పూత అద్దం. గాజు మీద వెండి, దాని మీద రాగి, ఆపైన రంగు. పాత పద్ధతి ఇదే. గాజుకు వెండి పూత పట్టించే రసాయన పద్ధతిని 1835లో జర్మనీకి చెందిన యూస్టస్ ఫాన్ లీబిగ్ కనిపెట్టాడు. ఈనాటి వెండి అద్దాలకూ మూలం అదే. వెండి అన్నానని ఆశపడకండి, మీ అద్దం మొత్తం మీద ఉన్నది ఒక గ్రాము కూడా ఉండదు. అంత పలచటి పొర గనకే చెమ్మ తగిలితే చటుక్కున నల్లబడుతుంది. మన వైపు సముద్రపు గాలిలో ఉప్పు కూడా ఉంటుంది కాబట్టి ఇంకా తొందరగా పాడవుతుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో అద్దాల అంచులు ఊరికే నల్లబడేది అందుకే. మచ్చలు కింది అంచునే ఎందుకు వచ్చాయంటే, తుడిచినప్పుడల్లా నీళ్లు కిందికి జారి ఫ్రేము గాడిలో నిలిచిపోయాయి. దీన్ని గుర్తుంచుకోండి, బిగించేటప్పుడు మళ్లీ ఈ మాట వస్తుంది.

మచ్చలు పోగొట్టే మందేదీ లేదు. పోయిన వెండిని మళ్లీ పూయించడం మీ 900 రూపాయల అద్దానికి గిట్టుబాటు కాదు. మీ విషయంలో అదృష్టం ఏమిటంటే మచ్చలూ, పెచ్చూ రెండూ కిందే ఉన్నాయి. గాజు పని చేసే చోటికి తీసుకెళ్లి కింద రెండంగుళాలు కోయించి, ఆ ఒక్క వైపు మళ్లీ ఏటవాలు అంచు పట్టించండి. దానికి మెషీన్ ఉన్న చోటికే వెళ్లాలి, వీధి చివరి గ్లాసు షాపులో అది ఉండదు. అద్దం 46 అంగుళాలకు తగ్గుతుంది, రెండంగుళాలు తగ్గాయని ఎవరూ గుర్తుపట్టరు. మీరు తెచ్చిన గాజు పగిలితే బాధ్యత మాది కాదని పనివాళ్లు ముందే చెబుతారు. అది న్యాయమే, పాత గాజు కోతలో ఒక్కోసారి గీత దాటి విరుగుతుంది. కోసే ముందు ఒక మూల టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరచిన గాజు) అనే ముద్ర ఉందేమో చూడమనండి. ఉంటే కోత కుదరదు, ముక్కలు ముక్కలైపోతుంది. డ్రెస్సింగ్ టేబుల్ అద్దాలకు సాధారణంగా ఆ ముద్ర ఉండదు.

కోయించడం ఇష్టం లేకపోతే, లేదా ఒప్పుకునేవాళ్లు దొరక్కపోతే, మచ్చల్ని అలాగే వదిలేయండి. ఏటవాలు అంచు లోపలికి దాటి రాని మచ్చలు పాతదనాన్నే చూపిస్తాయి తప్ప అసహ్యంగా ఉండవు. వాటిని దాచడానికి ఫ్రేమును ముందుకు జరిపి ఆ చెక్కిన అంచును కప్పేయకండి. ఆ అద్దంలో ఉన్న ఖరీదంతా ఆ అంచులోనే ఉంది.

అత్తగారి మాటకు కూడా ఈ కోతే జవాబు. పెచ్చు ఉన్న మూల పోయాక అది పెచ్చు లేచిన అద్దం కాదు. వాస్తు చూసేవాళ్లు అద్దాన్ని ఉత్తరం, తూర్పు గోడల మీద పెట్టమంటారు, మంచానికి ఎదురుగా వద్దంటారు. మీరు రాసిన దాన్నిబట్టి మీ హాల్లో తూర్పు గోడే ఖాళీగా ఉంది. పెద్దావిడ మాట కాదనాల్సిన అవసరమే రాలేదు.

ఇప్పుడు ఫ్రేము. ఊడుతున్న ప్లైవుడ్ ఫ్రేమును బాగుచేసే ఆలోచన మానుకోండి. విప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త. అద్దాన్ని ఎప్పుడూ నిలువుగానే పట్టుకోవాలి, పడుకోబెట్టి మోస్తే తన బరువుకు తానే విరుగుతుంది. ముందు వైపు పెద్ద గుణకారపు గుర్తులా టేపు అతికించండి. కాళ్లకు చెప్పులు, చేతులకు మందపాటి తొడుగులు ఉండాలి. పాత రంగు పూసిన ఏ చెక్కనైనా పొడిగా రుద్దకండి. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం (లెడ్ అనే విషపు లోహం) 90 పీపీఎంకు, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు, మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఉండవచ్చు. ఇంట్లో చిన్నపిల్లలున్నారని రాశారు కాబట్టి మరీ చెబుతున్నాను. తడి గుడ్డ పెట్టుకుని, తడిపి వాడే ఎమిరీ పేపరుతోనే రుద్దాలి, ఆ పనీ ఇంటి బయటే చేయాలి.

కొత్త ఫ్రేముకు కొత్త కలప కొనక్కర్లేదు. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు పాత వీధుల్లో దూలాల మీద ఇటుకలు పేర్చి కట్టిన మద్రాసు టెర్రస్ మిద్దెలు ఇప్పుడు వరసగా పడిపోతున్నాయి. వాటి కప్పు కింద వరసగా పరిచిన దూలాలు చాలా ఇళ్లలో టేకువే. తలుపులు, ద్వారబంధాలు కూడా పాత కలప అమ్మే చోటికి వచ్చి పడతాయి. దశాబ్దాల తరబడి కప్పు కింద ఎండిన టేకు ఇక వంగదు, చీలదు. కొత్త టేకు వంగితే మూలలు తెరుచుకుంటాయి, అప్పుడు ఎంత ఖర్చు పెట్టినా వృథా. పాత కలప కొనేటప్పుడు ఒక అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్లి చెక్క మీద నడిపించండి. లోపల విరిగిన మేకు ఉంటే తెలిసిపోతుంది. మేకు తగిలి చిత్రిక మెషీను బ్లేడు పోయిందంటే వడ్రంగి మళ్లీ మీ పని ముట్టుకోడు. మీ కొలతకు మూడున్నర అంగుళాల వెడల్పు పట్టీ సుమారు 14 అడుగులు పడుతుంది, మూలల తరుగుకు కలిపి 16 అడుగులు తీసుకోండి.

కలప పొట్టును జిగురుతో నొక్కి చేసే ఎం.డి.ఎఫ్. ఫ్రేములు చూడడానికి నున్నగా, చవగ్గా ఉంటాయి. ఏసీ గదిలో బాగానే ఉంటాయి. మన అక్టోబరు, నవంబరు వానలకు మాత్రం అవి అంచుల దగ్గర ఉబ్బుతాయి, ఒకసారి ఉబ్బినది మళ్లీ మామూలుకు రాదు. టేకు దొరక్కపోతే ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న, తడిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌ను పట్టీలుగా కోయించి, కనిపించే అంచులకు చెక్క బీడింగు వేయించండి. అంతకంటే కిందికి దిగకండి.

వెడల్పు విషయంలో నాకొక పట్టుదల ఉంది. ఈ కొలత అద్దానికి ఫ్రేము అయితే మూడున్నర, నాలుగు అంగుళాల వెడల్పుండాలి, లేకపోతే అరంగుళం లోహపు అంచు మాత్రమే ఉండాలి. మధ్యలో ఉండే ఒకటిన్నర, రెండంగుళాల ఫ్రేములే బజారు సరుకులా కనిపిస్తాయి, ఎందుకంటే బజారులో దొరికేవన్నీ ఆ కొలతవే. మందం కూడా పావుతక్కువ అంగుళం సరిపోదు, ఒకటింపావుకు తగ్గకూడదు. అప్పుడే గోడ మీద నీడ పడుతుంది. పైన చెక్కుడు పనులు, పువ్వులు, లతలు ఏమీ వద్దు. బల్లపరుపుగా, లోపలి అంచు మాత్రం గాజు వైపు కొంచెం వాలేలా చిత్రిక పట్టించండి చాలు. ఉదయగిరి కొయ్య గరిటెలు చెక్కేవాళ్ల నైపుణ్యం నాకు మహా ఇష్టం. అలాంటి చెక్కుడు మీ ఇంట్లో ఉండాలనిపిస్తే గరిటెలూ గిన్నెలూ కొని బల్ల మీద పెట్టుకోండి, అద్దం చుట్టూ మాత్రం పెట్టకండి.

మూలలు 45 డిగ్రీల కోతతో కలవాలి. ఇక్కడ వడ్రంగికి తొందర పెట్టకూడదు. టేకులో సహజంగా నూనె ఉంటుంది, అతికే ముందు కోత ముఖాల్ని థిన్నరుతో తుడిస్తేనే జిగురు పట్టుతుంది. తుడిచిన వెంటనే జిగురు రాసి, నాలుగు మూలలూ ఒకేసారి తాడు బిగింపుతో ఒక రాత్రి వదిలేయాలి. మూల వెనక ఒక్కొక్క మూలకు అడ్డంగా పలచటి చెక్క బిళ్ల దిగవేస్తే ఇక విడిపోదు. సన్నటి సందు మిగిలితే లప్పం పెట్టకండి, రంగు వేశాక అది వేరుగా తెలుస్తుంది. అదే చెక్క రంపపు పొట్టును జిగురులో కలిపి నింపండి.

ఇప్పుడు చెప్పేది చాలామంది వడ్రంగులు కూడా పట్టించుకోని సంగతి. ఫొటోకు కట్టే ఫ్రేముకూ అద్దానికి కట్టే ఫ్రేముకూ ఒక తేడా ఉంది. అద్దం తన ముందున్న అన్నింటినీ చూపిస్తుంది, ఫ్రేము గాడి లోపలి ముఖాన్ని కూడా. గాజు మీద ఆనే ఆ పావంగుళం చెక్కకు వెనక వైపు రంగు వేయడం ఎవరికీ గుర్తుండదు, అది కనిపించదు కదా అనుకుంటారు. గాజులో అది కనిపిస్తుంది. అద్దం బిగించి గోడకు పెట్టాక, పక్క నుంచి చూసినప్పుడు ఫ్రేముకూ ప్రతిబింబానికీ మధ్య తెల్లటి పచ్చి చెక్క గీత ఒకటి చుట్టూ తిరుగుతుంది. దూరం నుంచి చూసేవాళ్లకు ఆ గీత ఏమిటో తెలియదు, కానీ ఏదో చవగ్గా ఉందనిపిస్తుంది. గాజు పెట్టే ముందే గాడి లోపలి ముఖాలకు, గాజును తాకే అడుగు భాగానికి మెరవని నల్ల రంగు రెండు పూతలు వేసి ఆరనివ్వండి. ఇరవై రూపాయల రంగు కూడా పట్టదు. మా దుకాణంలో అద్దం ఫ్రేముకు ఇది వేయకుండా బయటికి పంపం. అదే సమయంలో గాజు నాలుగు అంచులకూ, ముఖ్యంగా కొత్తగా కోసిన కింది అంచుకు, ఆయిల్ పెయింటు సన్నగా రాయండి. కోసిన చోట వెండి బయటపడి ఉంటుంది, అది మూసుకుపోవాలి.

ఫ్రేము రంగుకు నా సలహా నలుపు. డబ్బాలో దొరికే నల్ల ఎనామెల్ వద్దు, అది చెక్కను కప్పేసి ఇనుప తలుపులా చేస్తుంది. చెక్క గీతలు కనిపిస్తూ నల్లబడాలంటే ఒక పాత దారి ఉంది, ఖర్చు దాదాపు లేదు. కరక్కాయలో ఉండే వగరు పదార్థం, ఇనుప లవణం కలిస్తే నలుపు వస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను ముందు కరక్కాయ, పాల నీళ్లలో ముంచి ఆరబెట్టి, తరవాత ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో పులియబెట్టిన ద్రావణంతో గీతలు గీసేది ఇందుకే. కలం పడిన చోట నలుపు పుడుతుంది. అదే సూత్రం చెక్క మీద కూడా పనిచేస్తుంది.

ఆయుర్వేద దుకాణంలో కరక్కాయ పొడి 50 గ్రాములు తెచ్చి అరలీటరు నీళ్లలో మరగబెట్టి వడకట్టండి. ఇంకో సీసాలో తుప్పు పట్టిన మేకులు గుప్పెడు వేసి, మునిగేదాకా వెనిగర్ పోసి ఒక వారం ఉంచండి. మూత బిగించకూడదు, లోపల వాయువు పుడుతుంది. గిన్నెలు తోమే స్టీలు పీచు వేసి పని కాలేదని కొందరు నాతో అన్నారు. అది స్టెయిన్‌లెస్ రకమైతే కరగదు, మామూలు ఇనుము కావాలి. చెక్కను 120, తరవాత 180, చివర 240 నంబరు ఎమిరీ కాగితంతో గీతల వెంబడే రుద్ది, తడి గుడ్డతో ఒకసారి తుడిచి ఆరనిచ్చి, లేచిన నూగును మళ్లీ 240తో మెల్లగా తీసేయండి. కరక్కాయ కషాయం బ్రష్షుతో రాసి పూర్తిగా ఆరనివ్వండి. దాని మీద వడకట్టిన ఇనుప నీళ్లు రాయండి. రాస్తుండగానే బూడిద రంగు, కొద్ది నిమిషాల్లో ముదురు బూడిద, ఆరేసరికి నలుపు. రెండోసారి అదే వరసలో చేస్తే బొగ్గు రంగు వస్తుంది. టేకులో వగరు తక్కువ గనక కరక్కాయ మానేస్తే బురద రంగు దగ్గరే ఆగిపోతుంది. తుమ్మ చెక్కలో వగరు ఎక్కువ కాబట్టి తొందరగా నల్లబడుతుంది. ముందు పనికిరాని ముక్క మీద పరీక్షించండి, ప్రతి చెక్కా ఒక్కోలా తాగుతుంది. చేతులకు తొడుగులు లేకపోతే మీ గోళ్లు కూడా అదే నలుపు అవుతాయి, వారం దాకా పోదు.

పైపూతకు మెరుపు లేని మ్యాట్ లేదా సగం మెరుపు పాలియురెథేన్ మంచిది. లక్క పాలిష్ అందంగానే ఉంటుంది గానీ తేమ గాలిలో వేస్తే తెల్లగా పాలిపోతుంది. ఏ పూతైనా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెట్టుకోకండి, మన జిల్లాలో వానలన్నీ అప్పుడే. ఫిబ్రవరి, మార్చి మంచివి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచి దుమ్ము పట్టుకుంటుంది కాబట్టి పొద్దున్నే వేసి, ఆ పూటకు ఆరబెట్టుకోండి.

బంగారం లేకుండా ఎలా అంటారా? సరే, ఒకే ఒక్క చోట ఉండనివ్వండి. గాజుకూ నల్ల చెక్కకూ మధ్య, లోపలి అంచు వెంబడి పావంగుళం ఇత్తడి పట్టీ. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట లాంటి వ్యాపార వీధుల హార్డువేరు దుకాణాల్లో అడిగితే ఇత్తడి బీడింగు దొరుకుతుంది. మన గాలికి ఇత్తడి ఆకుపచ్చగా మారుతుంది, రంగులేని లాకర్ (లోహానికి వేసే పారదర్శక వార్నిష్) ఒక పూత వేసి బిగించండి. ఇత్తడి ఖర్చు అనిపిస్తే మైకా (అభ్రకం) ఆధారంగా తయారైన బంగారు పొడిని వార్నిష్‌లో కలిపి ఆ పావంగుళానికి మాత్రమే పూయండి. చవక స్ప్రే డబ్బాలోని లోహపు పొడి కొంతకాలానికి గోధుమ రంగుకు తిరుగుతుంది, మైకా పొడి తిరగదు. గూడూరు, సైదాపురం అభ్రకం గనుల జిల్లావాళ్లం, ఆ మాత్రం అభ్రకం మన ఫ్రేము మీద ఉండాలి కదా.

గాజు బిగించడంలో తొందరపాటు పనికిరాదు. గాడి అడుగున అద్దం వెడల్పులో పావు వంతు దగ్గర ఒకటి, ముప్పావు వంతు దగ్గర ఒకటి రబ్బరు దిమ్మలు పెట్టి వాటి మీద గాజును నిలబెట్టాలి. అప్పుడు కిందికి జారే నీరు గాజు అంచును తాకకుండా ఉంటుంది. మీ అద్దం నల్లబడింది సరిగ్గా ఇది లేకపోవడం వల్లే. వెనక నుంచి జిగురు పెట్టాల్సి వస్తే సిలికాన్ ట్యూబు వాసన చూడండి. వెనిగర్ లాంటి పుల్లటి ఘాటు ఉంటే అది వెండిని తినేస్తుంది, కొన్ని నెలల్లో ముందు వైపు జిగురు చారల ఆకారంలోనే మచ్చలు తేలుతాయి. న్యూట్రల్ సిలికాన్ అని అడిగి తీసుకోండి. సోఫాలకు వాడే రబ్బరు జిగురు కూడా వద్దు, దాని ద్రావకం వెనక రంగును లేపుతుంది. మీ ఫ్రేముకు గాడి ఉంటుంది గనక నిజానికి జిగురే అక్కర్లేదు. వెనక 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని చుట్టూ చిన్న స్క్రూలు సరిపోతాయి. ఆ ప్లైవుడ్‌కు పైనా కిందా నాలుగైదు రంధ్రాలు పెట్టించండి, లోపల గాలి ఆడాలి.

మొత్తం బరువు లెక్క చూద్దాం. 5 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 12.5 కిలోలు, మీ గాజు 9 కిలోల దగ్గర ఉంటుంది. టేకు ఫ్రేము మరో 8 లేదా 9, వెనక ప్లైవుడ్ కలిపితే 20 కిలోలు. ఫ్రేముకు తీగ కట్టి మేకుకు వేలాడదీసే బరువు కాదిది. మూడంగుళాల చెక్క పట్టీని నిడివి పొడవునా 45 డిగ్రీల కోణంలో చీల్పించండి. ఒక సగం ఫ్రేము వెనక పై భాగంలో, రెండో సగం గోడకు. ఒకదాని వాలు ఇంకోదాని వాలులో కూర్చుంటుంది, తన బరువుతో తానే బిగుసుకుంటుంది. గోడ పట్టీకి నాలుగు స్క్రూలు, 8 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ప్లగ్గులు, స్క్రూ పూత దాటి ఇటుకలోకి కనీసం అంగుళంన్నర దిగాలి. ఫ్రేము కింద మూలల వెనక రెండు రబ్బరు బొడిపెలు అతికిస్తే అద్దం నిటారుగా ఉంటుంది, వెనక గాలి ఆడుతుంది. అద్దె ఇల్లని భయపడకండి, నాలుగు రంధ్రాలే కదా. ఖాళీ చేసేటప్పుడు లప్పం, రంగు వేస్తే ఇంటివారు గుర్తుపట్టరు. అయినా ముందే ఒక మాట అడగడం మర్యాద.

గోడ చెమ్మ పట్టిందేమో ముందు చూడండి. సున్నం పొడిలా రాలుతూ తెల్లటి ఉప్పు పూసిన గోడ మీద ఏ అద్దం పెట్టినా వెనక నుంచి తినేస్తుంది. అలాంటి గోడ అయితే వేరే గోడ చూసుకోండి, లేదా ముందు గోడ బాగుచేయించమని ఇంటివారిని అడగండి.

ఎత్తు విషయానికి వస్తే అద్దం మధ్యభాగం నేల నుంచి 5 అడుగుల దగ్గర ఉండాలి. మన ఇళ్లలో అద్దాల్ని చాలా పైన పెడతారు, ఫ్యాను రెక్కలు తప్ప ఏమీ కనిపించదు. బిగించే ముందు ఇద్దరు మనుషుల చేత అద్దాన్ని ఆ చోట పట్టించి, మీరు మామూలుగా కూర్చునే కుర్చీలో కూర్చుని చూడండి. అద్దంలో ఏం కనిపిస్తోంది? ఆరేసిన బట్టలు, చెప్పుల స్టాండు, టీవీ వైర్లు కనిపిస్తే 24 వేల అద్దం కూడా వాటినే రెట్టింపు చేస్తుంది. కిటికీ వెలుతురో, మొక్కలో, ఖాళీ గోడో కనిపించే చోటికి నాలుగంగుళాలు అటో ఇటో జరపండి. పడమటి కిటికీకి నేరుగా ఎదురుగా మాత్రం పెట్టకండి. మే నెలలో సాయంత్రం ఆ ఎండ గది అంతా తిరిగి కళ్లలో కొడుతుంది.

అద్దం కింద చిన్న అర (షెల్ఫ్) ఏదైనా ఉండాలనుకుంటే, చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ముక్కను అడగండి. నల్లటి రాయిలో బంగారు చుక్కలు, అవి రాతిలోనే ఉండే బ్రాంజైట్ ఖనిజపు పలుకులు. మీ ఫ్రేము నలుపు, ఇత్తడి గీతకు అతికినట్టు సరిపోతుంది. వంటగది గట్లు కోసే చోట మిగిలిన పట్టీలు తక్కువ ధరకే వస్తాయి. మూడడుగుల పొడవు, ఎనిమిదంగుళాల వెడల్పున్న అర అయినా 10 కిలోలు తూగుతుంది, కింద ఇనుప బ్రాకెట్లు తప్పనిసరి. అద్దానికీ దానికీ మధ్య ఆరంగుళాలు వదలండి. చెక్క ఫ్రేమే వద్దనుకునేవాళ్లకు మార్కాపురం పలకరాయి మంచి మార్గం. మూడంగుళాల పట్టీలుగా కోయించి మెరైన్ ప్లైవుడ్ మీద టైల్స్ జిగురుతో అతికిస్తే మెరుపు లేని నల్లటి ఫ్రేము వస్తుంది. బరువు బాగా పెరుగుతుంది గనక అద్దె ఇంట్లో మీకు దాన్ని సిఫారసు చేయను.

వెనక ఎల్.ఈ.డి. పట్టీ వెలిగించుకోవచ్చా అని కూడా అడిగారు. పసుపు ఛాయ వెలుతురు, 3000 కెల్విన్ అని డబ్బా మీద రాసినదైతే పరవాలేదు. నీలం తెలుపు వద్దు, సెలూన్ అవుతుంది.

ఖర్చు పెట్టే వరస ఇదీ: మొదట గాజు కోత, అంచు పని. తరవాత వడ్రంగి కూలి. కలపకు, రంగుకు తక్కువలోనే అవుతుంది. ఇత్తడి డబ్బు మిగిలితేనే. కూలి దగ్గర బేరం ఎక్కువ చేయకండి, మూల సరిగా కలవకపోతే మిగతా ఖర్చంతా ఎందుకూ కొరగాదు.

శుభ్రం చేయడానికి అమ్మోనియా ఉన్న గ్లాసు క్లీనర్లు, వెనిగర్ రెండూ మానేయండి, అవి అంచు నుంచి లోపలికి పాకి వెండిని కొరుకుతాయి. ద్రవం ఏదైనా అద్దం మీద చల్లకూడదు, గుడ్డ మీద చల్లుకోవాలి. మెత్తటి పాత నూలు గుడ్డ కొంచెం తడిపి పై నుంచి కిందికి తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టండి. కింది అంచు దగ్గర గుడ్డ మడత పెట్టి ఇంకోసారి ఒత్తండి, నీటి చుక్క ఆగేది అక్కడే. జిడ్డు మరకలుంటే గుడ్డకు కొద్దిగా సర్జికల్ స్పిరిట్ చాలు. కోత పూర్తయ్యాక గాజు అంచు ఫొటో ఒకటి పెట్టండి, ఆ ఏటవాలు వెడల్పు చూసి గాడి ఎంత లోతుండాలో కొలత చెబుతాను. దాన్నిబట్టే వడ్రంగికి చెప్పండి.